అమావాస్య నాడు పరీక్షించిన సెట్టు

నగరంలో నీటి మీటర్ల అంకెలను తీగ లేకుండా దూరంలోని ఆఫీసుకు పంపే పనిలో ఉన్న మా మనవరాలు, మొన్న భోజనాల వేళ అగ్గిపెట్టెంత కూడా లేని రెండు రేడియో పరికరాలను నా ముందు పెట్టి, ఏది కొనమంటావు తాతా అని అడిగింది. ఆదివారం నాడు ఆఫీసు మేడ మీంచి పరీక్షిస్తే అందులో ఒకటి ఊరి అవతలి దాకా అందిందట. ఆదివారం అన్న మాట వినగానే నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. బజార్లు నడిచే రోజున మళ్లీ చూడు తల్లీ అని మాత్రం అన్నాను. ఎందుకన్నానో ఆ పిల్లకు చెప్పలేదు గాని, ట్రంక్ కాల్ కోసం పోస్టాఫీసు బెంచీ మీద పూటంతా కాచుకున్న నా ఈడు వాళ్లకు చెప్పుకోవచ్చు.

డెబ్బైల చివరి మాట ఇది. హైదరాబాదులో రేడియో పని నేర్చుకుని సర్టిఫికెట్టుతో వచ్చిన నన్ను, తాండూరులో నాపరాతి గనులున్న ఒక పటేలు తన వికారాబాదు ఆఫీసులో పెట్టుకున్నాడు. తాండూరు ఆఫీసులో మా బావ, అంటే మా అక్క భర్త, గుమాస్తా. ఏ వ్యాగనులో ఏ కొలత బండలు ఎన్ని ఎక్కాయో ఆ అంకెలు రోజూ నాకు చేరాలి. ఫోనును నమ్ముకుంటే అయ్యే పని కాదని, పటేలు కాళ్లరిగేలా తిరిగి అనుమతి తెచ్చి, రెండు రకాల వైర్‌లెస్ సెట్లు తెప్పించి, ఏది కొనాలో తేల్చమని నాకే వదిలేశాడు. ఇరవై మూడేళ్లవాడికి అంత పెత్తనం దొరికితే కాళ్లు నేల మీద నిలుస్తాయా!

పరీక్షకు నేను ఎంచుకున్నది అమావాస్య. ఆ రోజు తాండూరులో బండలు కోసే మిషన్లను, పాలిష్ మిషన్లను ఎవరూ ముట్టరు, కాబట్టి బావకు తీరిక ఉంటుందని నా తెలివి. మొదటి సెట్టులో గొంతు పక్కగదిలోంచి వచ్చినంత ఖంగుమని వచ్చింది. రెండోదాంట్లో మధ్యనున్న గుట్టల వల్లనేమో సన్నగా వచ్చింది గాని గరగర లేదు. బావ రేడియో చదువు చదవకపోయినా ఆ మోటార్ల మధ్య బతికే మనిషి. "గా రెండోది సన్నగొస్తది గని సాఫ్ వస్తది బామ్మర్ది, మిషన్లు నడిచే దినం జర మళ్ల జూడు," అన్నాడు. మోటార్లలో లేచే రవ్వలు రేడియోలో పుట్టించే గరగర మొదటి రకంలో దూరుతుందనీ, రెండో రకం దాన్ని చాలావరకు ఆపుతుందనీ నేను పుస్తకంలో చదువుకున్నదే. అయినా గుమాస్తా చెబితే మెకానిక్కు వినడమా అనిపించింది. మొదటిదే కొనిపించాను. బావ అడిగితే, రెండోదే కొనమని నేను చెప్పినా పటేలు వినలేదని అబద్ధమాడాను.

రెండో రకం వాపసు పోయాక, మిషన్లు తిరిగిన మొదటి రోజే నా తెలివి బయటపడింది. తాండూరు మాట నాకు శుభ్రంగా అందేది, నా మాట మాత్రం అక్కడి మోటార్ల గరగరలో మునిగిపోయేది. ప్రొద్దున మిషన్లు మొదలుకాకముందు, సాయంత్రం ఆగిపోయాక మాట్లాడుకుంటూ సర్దుకున్నాం.

ఆ వానాకాలం అక్క ఏడో నెలలో మా ఇంటికి, వికారాబాదుకు వచ్చింది. ఒక ఉదయం ఉన్నట్టుండి రక్తం పోవడం మొదలై ఆసుపత్రిలో చేర్చాం. భర్తను పిలిపించండి అంది డాక్టరమ్మ. ట్రంక్ లైను దొరకలేదు. మధ్యాహ్నం రైలుబండి అందుకుంటే బావ వచ్చేస్తాడని సెట్టు దగ్గరికి పరుగెత్తి, అక్కకు ప్రాణం మీదికొచ్చింది, బండెక్కు బావా అని బటన్ నొక్కి అరిచాను. బటన్ వదలగానే బావ గొంతు ఎప్పటిలాగే నింపాదిగా వినిపించింది. "ఏం సమజైతలేదు బామ్మర్ది. లెక్కలేనా? రాస్కో." వ్యాగను నంబరు, కొలత, సంఖ్య, ఒక్కో అంకెను రెండేసిసార్లు పలుకుతూ చదివాడు. మళ్లీ అరిచాను. నాకు సరిగా అందలేదనుకుని, పాపం, మొదటినుంచి మళ్లీ చదివాడు. అలా ఎన్నిసార్లు చదివాడో! నేను ఏడుస్తూనే ఉన్నాను. బండి వెళ్లిపోయింది.

మిషన్లు ఆగాక గాని ఆయనకు సంగతి తెలియలేదు. ఆయన బండెక్కాడా అని అక్క తెలివి ఉన్నంతసేపూ అమ్మను అడుగుతూనే ఉందట. ఎక్కిండు బిడ్డా, వస్తుండు అని అమ్మ చెబుతూనే ఉందట. బావ ఆసుపత్రి మెట్లెక్కేసరికి అక్కా లేదు, కడుపులో బిడ్డా లేదు.

దినాలైన మర్నాడు, తిండి మానేసి మూలన కూర్చున్న నా దగ్గరికి వచ్చి బావే నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు జెప్తనే ఉంటివి గద, పటేల్ ఇనకపాయె. నువ్వేం జేస్తవ్?" అన్నాడు. అంత దుఃఖంలో ఆ మనిషి నన్ను ఓదార్చాడు, నేను ఓదార్పించుకున్నాను.

ఇప్పుడు తాండూరులో బండలు దించే కూలీ కూడా మోత మధ్య నిలబడి, చెవిలో ఏదో పెట్టుకుని, ఊళ్లోని పెళ్లాంతో కూర ఏం వండావని మాట్లాడుతున్నాడు. చూసి సంతోషించాలి, కాని నేను ముఖం తిప్పుకుని నడిచిపోతాను. బావ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. తర్వాత ఇరవై ఏళ్లు ఏటా అక్క తద్దినానికి వచ్చి నా పక్కనే విస్తరి ముందు కూర్చునేవాడు, పటేలును తిట్టుకుంటూనే తినేవాడు. పోయేదాకా ఆయనకు పటేలే దోషి. సెట్టు ఎంచింది నేనే బావా అన్న మాట నేను చెప్పలేదు.