రేడియో వైరుకు వేసిన తాళం

1969లో, తెలంగాణ ఉద్యమం మూలంగా చదువులు ఆగిపోయిన ఎండాకాలంలో, చేవెళ్ల కరెంటు మా ఇంటికి చేసిన అన్యాయాలు నా నోటుపుస్తకంలో ఉన్నవి ఉన్నట్టు:

సోమవారం: సాయంత్రం వార్తలు మొదలుకాగానే పోయింది.

బుధవారం: మూడుసార్లు పోయి, నాలుగోసారి పిడుగులా వచ్చి, రేడియోలో ఒక వాల్వును మాడ్చింది.

శుక్రవారం: ఫిర్యాదు ఇద్దామని వెళితే కరెంటు ఆఫీసులోనే కరెంటు లేదు.

ఇవి వాళ్ల తప్పులు. అసలు ఉపద్రవం తెచ్చింది నేను. అదీ ఎంతో పద్ధతిగా.

మా చెల్లెలు కరుణ రాయవలసిన హెచ్.ఎస్.సి. పరీక్షలు వాయిదా పడ్డాయి. కొత్త తేదీ రేడియోలో చెబుతారన్నారు. ఆ వార్త తప్పితే ఏడాది చదువు గాలికి పోయినట్టే. కాబట్టి రేడియోను కాపాడే భారం, ఎవరూ అడగకపోయినా, నేను నెత్తికెత్తుకున్నాను. మాది కరెంటుతోనూ బ్యాటరీతోనూ పనిచేసే రకం. వాల్వు మార్పించి, పాత బ్యాటరీ ఒకటి సంపాదించి తగిలించాను. బాలింత గదికి కాపలా ఉన్న ముసలమ్మలా దాని పక్కనే కూర్చుని, వార్తలు తప్ప పాటలు నిషేధించాను. అయినా వారం తిరగకముందే బ్యాటరీ నీరసించింది. ఛార్జింగు దుకాణం మొయినాబాదులో ఉంది.

బయలుదేరే ముందు రేడియో వెనకనుంచి కరెంటు వైరు ఊడదీసి, ట్రంకులో పెట్టి, తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నాను.

"కరెంటు ఉన్నది గద అన్నా, వైరు ఉండనియ్యి," అన్నది కరుణ.

"ఉన్న కరెంటే కొంప ముంచుతది. నేనొచ్చేదాక రేడియో ముట్టకు."

బస్సులో బ్యాటరీని ఒళ్లో పెట్టుకుని కొత్త పెళ్లికొడుకులా కూర్చున్నాను. మొయినాబాదులో దిగేసరికి ఆసిడ్ నా ప్యాంటుకు రెండు కిటికీలు తెరిచింది. ఛార్జింగు దుకాణం యాదగిరి బల్ల మీద పడుకుని విసనకర్రతో విసురుకుంటున్నాడు. ఎంతసేపు పడుతుందని అడిగాను.

"కరెంటు వస్తె ఒక దినం."

"ఇప్పుడు లేదా?"

"కరెంటు పోతదనే గద నువ్వు బ్యాటరీ తెచ్చినవ్. నాకు మాత్రం పోదా తమ్మీ?"

ఇంత చిన్న సంగతి నా పద్ధతిలో ఎక్కడా లేదు. పైగా ఆ సాయంత్రమే బంద్ వల్ల బస్సులు ఆగిపోయాయి. రెండు రోజులు ఆ దుకాణం అరుగు మీదే ఉండి, మొయినాబాదులో కరెంటు లేని కాలాన్ని నిమిషాలతో సహా రాశాను.

మూడో రోజు బస్సులు కదిలాయి. చేవెళ్ల నుంచి పట్నం వెళ్లే బస్సు దుకాణం ముందే ఆగింది. కిటికీలో కరుణ, పక్కన మా బాపు, అంటే నాన్న.

"యాడికి?" అన్నాను.

"పరీక్షకు. రేపే."

"తారీఖు ఎవరు చెప్పిండ్రు?"

"హోటల్ల రేడియో చెప్పింది. నువ్వు పోయినసంది మనూర్ల కరెంటు పోనేలేదన్నా."

బాపు నా ముఖం చూడలేదు. "ట్రంకు తాళం పలగ్గొట్టిన. నీ వైరు కిందనే దీని హాల్ టికెట్ ఉండె," అని మాత్రం అన్నాడు. బస్సు వెళ్లిపోయింది.

కరుణ పాసయింది. నేను ఊరుకున్నానా? ఆ రెండు రోజులు చేవెళ్లలో కరెంటు ఎందుకు పోలేదో సంజాయిషీ కోరుతూ కరెంటు ఆఫీసుకు అర్జీ పెట్టాను. నకలు ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది.

ఇప్పుడు మా ఇంట్లో ఇన్వర్టరు ఉంది. ఏ యంత్రాన్నీ ఇకమీదట దాన్ని వాడుకునేవాళ్ల నుంచి కాపాడబోనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక సదరు అర్జీదారుడైన ఆనాటి ఇరవై రెండేళ్ల యువకుడు, పరీక్ష రాయవలసిన మనిషి కంటే తేదీ చెప్పవలసిన రేడియో తనకు ఎందుకు ముఖ్యమైందో, సాకులు లేకుండా, పదిహేను రోజులలోగా నాకు రాతపూర్వకంగా తెలియజేయవలసినది.