పడవ ఒకరికి, ఇంజను ఇంకొకరికి

లక్ష్మీకాంతమ్మకు అరవై నాలుగేళ్ళు. హంసలదీవి దగ్గరి పల్లెలో ఆమెకో ఫైబర్ పడవ, దానికో ఇంజను, ఒక వల, ముగ్గురు పిల్లలు. పెద్దది గాయత్రి, అదే ఊళ్ళో కాపురముంటూ తల్లితోపాటు అవనిగడ్డ మార్కెట్లో చేపలమ్ముతుంది. తర్వాతి వాళ్ళు గంగన్న, వాసు వేటకెళ్తారు. పడవా ఇంజనూ ఆమెను ఎప్పుడూ ఏడిపించలేదు. పిల్లల సంగతి అలా చెప్పలేం.

అన్నదమ్ములిద్దరికీ మూడు నెలలుగా మాటల్లేవు. ఒకే పడవలో సముద్రం మీదకు వెళ్తారు, ఒకే వల లాగుతారు, చెప్పాల్సింది మాత్రం ఆకాశానికి చెప్పుకుంటారు. "ఎవరో కాస్త ఎడమకి తిప్పితే బాగుండు" అంటాడు గంగన్న. "ఎవరికో తొందరెక్కువ" అంటాడు వాసు. తను కన్ను మూసిన మర్నాడే వీళ్ళు పడవ అమ్మేసి, పరాయి పడవల్లో చెరో దిక్కు కూలికి పోతారని లక్ష్మీకాంతమ్మ బెంగ. ఆ పడవ కోసం ఆమె ఇరవై ఏళ్ళు నెత్తిన తట్ట దించలేదు.

అందుకే వీలునామా రాయించాలని అవనిగడ్డ వెళ్ళింది. దస్తావేజులు రాసే దైవాధీనం కళ్ళజోడు సర్దుకుని, ఎవరికేమిటని అడిగాడు.

"పడవ పెద్దోడికి, ఇంజను చిన్నోడికి, వల అమ్మాయికి."

"ఇంజను లేని పడవ ఏం చేసుకుంటాడండీ?"

"తమ్ముణ్ణి అడుక్కుంటాడు. అందుకే రాయమంటున్నా బాబూ."

ఆమె లెక్కలో వింతేం లేదు. పల్లెలో వేట సొమ్ము పంచేటప్పుడు పడవకో వాటా, ఇంజనుకో వాటా, వలకో వాటా, ఎక్కినవాళ్ళకు తలా ఒక వాటా తీస్తారు. వేరే వాటాలున్నవి వేరే మనుషులకు పోతే తప్పేముంది? అప్పుడు ఒకరు లేకుండా ఒకరికి గడవదు. రిజిస్ట్రేషన్ అయింది. ఇంత తెలివి ఇంకెవరికీ తట్టలేదన్న దర్జాతో బస్సెక్కి ఇంటికొచ్చి, పిల్లల ముందు కాగితం చదివించింది.

అక్కడే కొంప మునిగింది. తెల్లారేసరికి వాసు ఇంజను ఊడదీసి, బావమరిది సాయంతో మోసుకుపోయి, తన వరండాలో పెట్టి కుంకుమ బొట్లు పెట్టాడు. గంగన్న పడవను ఇంటి ముందుకు లాగించి కొబ్బరిచెట్టుకు గొలుసేశాడు.

"నేనింకా బతికే ఉన్నాన్రా" అంది లక్ష్మీకాంతమ్మ.

"నువ్వు నూరేళ్ళుండమ్మా. రిజిస్ట్రేషనయ్యాక ఎవరిది వాళ్ళదే కదా" అన్నారిద్దరూ, మూడు నెలల్లో మొదటిసారి ఏకమై.

వారం రోజులు వేట లేదు. సొంత పడవున్న మనిషి పక్కింట్లో చేపలడిగి కూర వండుకుంది. ఆ సిగ్గుకు ముద్ద దిగలేదు. ఎనిమిదో రోజు మళ్ళీ దైవాధీనం ముందు కూర్చుంది.

"అది మీ తదనంతరం అమలయ్యేదండీ. ఇప్పుడు వాళ్ళకు ఏ హక్కూ లేదు. ఆ మాట చెప్పండి."

"చెబితే వినే కొడుకులైతే నీ దగ్గరకెందుకొస్తాను? పాతది కొట్టేసి కొత్తది రాయి. పడవ, ఇంజను, వల, మూడూ గాయత్రికే."

ఆ సాయంత్రం రేవులో, రిజిస్ట్రేషనైన కొత్త కాగితం చదివించేసరికి కొడుకుల మొహాల్లో నెత్తురు చుక్క లేదు. వాళ్ళు పెట్టిన చట్టం ప్రకారం పడవ ఆ క్షణం నుంచే అక్కది. కాదంటే వారం రోజులుగా చేసింది దొంగతనమని ఒప్పుకోవాలి.

గాయత్రి కొంగు బిగించింది. "పడవ రేవుకు లాగి, ఇంజను తెచ్చి బిగించండి. తెల్లారుజామున నాలుగింటికి బయల్దేరాలి. ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోనోళ్ళని నేను ఎక్కించుకోను."

గంగన్న కాలితో ఇసుకలో గీశాడు. వాసు సముద్రం వైపు చూశాడు. ముందు గంగన్నే నోరు విప్పాడు. "ఒరే వాసూ, ఇంజను ఒక్కడివే మొయ్యలేవు, పద."

"పద అన్నయ్యా."

లక్ష్మీకాంతమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఇసుకలోనే చతికిలబడింది. అంతలో గాయత్రి ఇటు తిరిగింది.

"కూర్చున్నావేంటమ్మా? తట్టలు కడిగి పెట్టు. రేపు పదింటికల్లా మార్కెట్లో ఉండాలి."

మొగుడు పోయాక ఆమెకు పని పురమాయించినవాళ్ళు లేరు. కొడుకుల చట్టం తనకూ వర్తించిందని అప్పుడు తెలిసొచ్చింది. పెత్తనం పోయినందుకు మనసు చివుక్కుమంది గానీ, సంతోషం దాన్ని మించిపోయింది. చీరకంటిన ఇసుక దులుపుకుని, తట్టలు తెచ్చుకోవడానికి వెళ్ళింది.