విమానం రెక్కకో నీతి, బస్సు అద్దానికో నీతి

ఈ ఉదయం నరసన్నపేటలో శ్రీకాకుళం బస్సెక్కి, అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టాను. ఎదురుగా అద్దం మంచు పట్టి తెల్లగా ఉంది. రోడ్డు కనిపించడం లేదు. డ్రైవరు మాత్రం దణ్ణం పెట్టుకుని ఇంజను స్టార్టు చేశాడు.

"అద్దం తుడవరా?" అన్నాను.

"యజమాని నిన్ననే పూజ సేయించి బొట్లెట్టించినాడు బాబూ. తుడిస్తే సెరిగిపోవా? అరిష్టం!"

రెక్కల మీద పలచటి మంచుపొర ఉన్నా, దాన్ని పూర్తిగా తొలగించందే విమానం లేవకూడదన్న నిబంధన ఉందని, విమాన భద్రత గురించి ఒక కరపత్రంలో చదివింది చదివినట్టు చెప్పాను.

"అది ఎగురుతాది బాబూ. మనం నేలమీదే కదేటి ఎల్తాం!"

బస్సంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. దిగి, నా తువ్వాలుతో అద్దమంతా తుడిచేశాను, బొట్లతో సహా.

అంతే, నవ్వినవాళ్ళే లేచారు. "బొట్టు సెరిపేసినోడితో పెయానమేటి? ఎక్కనీకండ్రా!" కండక్టరు నా సంచీ కింద పడేశాడు. నేను అమ్మ వైపు చూశాను.

"నాను దిగితే సీటు పోతాదిరా. నువ్వు ఎనక బస్సుకి రా" అంది.

రోడ్డంతా చక్కగా కనిపిస్తుండగా బస్సు వెళ్ళిపోయింది, అరిష్టాన్ని రోడ్డు పక్కన వదిలేసి. మీరైతే నాతో దిగేవారా, సీటు చూసుకునేవారా? నిజం చెప్పండి.