ద్వాదశి మాత్ర

మా సైన్సు మేష్టారు సన్యాసిరావుగారు తనువు చాలించారన్న వార్త వినేసరికి, నరసన్నపేటలో నా రక్తపరీక్షల ల్యాబులో ఒకామె వేలికి సూది గుచ్చబోతున్నాను. చెయ్యి ఆగిపోయింది. "ఏటి బాబూ, గుచ్చవేటి?" అంటుందామె. ఏం గుచ్చను? ఈ వృత్తి ఆయన పెట్టిన భిక్ష. ఏకాదశి పూర్తిగా నిరాహారంగా గడిపి పడుకున్న మనిషి, ద్వాదశి తెల్లారి లేవలేదట.

ఊళ్ళో రెండు మాటలు నడుస్తున్నాయి. "ఏకాదశి ఉపోషంతో పోయినారు, ఎంత పుణ్యాత్ములో" అని కొందరు. "సుగరున్న మనిషికి పస్తులేటి, సేజేతులా పోయినారు" అని మరికొందరు. రెండూ వింటుంటే నాకు ఒళ్ళు మండుతోంది. మూడో మాట నా దగ్గరుంది. అదే నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

మేష్టారిది విజ్ఞానానికీ విశ్వాసానికీ తగువు పెట్టని విశాలహృదయం. శ్రీకూర్మం స్వామికి దండం పెట్టుకున్న చేత్తోనే నల్లబల్లమీద కాలేయం బొమ్మ గీసేవారు. "ఉపోషమంటే పొట్టకి సెలవురా. కాలేయానికి మాత్రం డబల్ డ్యూటీ" అనేవారు. తిన్నది ఖర్చయ్యాక కాలేయం తాను దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదులుతుందనీ, ఆ నిల్వా అడుగంటుతుంటే ఒంట్లో కొవ్వు కరగడం ఎక్కువవుతుందనీ చెప్పేవారు. మధ్యాహ్నం అన్నం గంట కొట్టబోయే ముందు ఆ పాఠం మాకు భలేగా ఎక్కేది.

రిటైరయ్యాక శనివారాలు పొద్దున్నే వచ్చి నా ల్యాబు బల్లమీద కూర్చునేవారు. మా వైపు చాలామందికి ఉపవాసమంటే అన్నం మానడమే. ఒక శనివారం చేపలమ్మే ఆమె ఒకతి వచ్చి, వారం వారం ఉపోషమున్నా సుగరు దిగలేదని లబోదిబోమంది. ఏం తింటున్నావంటే పళ్ళెం నిండా ఉప్మా, పైన రెండు అరటిపళ్ళు అని తేలింది. "అన్నానికి సెలవిచ్చి ఉప్మాని పన్లో ఎట్టినావు. ఉపోషం ఎక్కడున్నాదమ్మా?" అన్నారు మేష్టారు. ఆమె నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వెంటనే ఆయన గొంతు మారింది. "ఒక్కటి మాత్రం ఇను. సుగరు మాత్ర ఏసుకొని పస్తుండకు. సుగరు దిగిపోయి పేనం మీదకి వస్తాది. ఉపోషమున్ననాడు మాత్ర ఏటి సెయ్యాలో డాక్టర్ని అడుగు." ఎంతమందికి చెప్పారో ఆ మాట!

ఆయనా మధుమేహ పీడితులే. డాక్టరు చెప్పిన ప్రకారం ఏకాదశినాడు మాత్ర మానేవారు. మందుల అట్టమీద ఏది ఏ రోజుదో పెన్నుతో తిథులు రాసుకునేవారు. దశమి పక్కన ద్వాదశి ఉండేది, మధ్యలో ఏకాదశి ఉండేది కాదు. అంతటి క్రమశిక్షణ.

ఆ ఏకాదశికి ముందురోజు, దశమినాడు పరగడుపున వచ్చి రక్తం ఇచ్చారు. అంకె కాస్త ఎక్కువే వచ్చింది. నేను ఊరుకోవచ్చు కదా! నోటిదూల. "ఏటి మేష్టారూ, మీ ఉపోషాలు పన్జేస్తన్నట్టు లేవు" అన్నాను నవ్వుతూ. రాత్రి ఏమీ తినకపోయినా తెల్లవారేసరికి కాలేయం వదిలిన చక్కెరతో అంకె పెరగొచ్చని నాకు నేర్పిందే ఆయన. అయినా అన్నాను. ఆయన నవ్వలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "సూద్దాం లేరా" అంటూ మెట్లు దిగి వెళ్ళిపోయారు.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య పార్వతమ్మగారు మందుల అట్ట తెచ్చి నా చేతిలో పెట్టారు. ద్వాదశి అని రాసిన గుంట ఖాళీగా ఉంది. ద్వాదశి పొద్దు ఆయన చూడనేలేదు. మరి ఆ మాత్ర ఏమైనట్టు? ఏకాదశినాడే వేసేసుకున్నారా? దశమి మాత్ర కోసం అట్ట చింపినప్పుడు అదీ జారి ఏ మూలకో దొర్లిపోయిందా? డాక్టరేమో గుండె ఆగి ఉండొచ్చు, సుగరు పడిపోయి ఉండొచ్చు, ఇప్పుడు తేల్చి చెప్పలేమన్నాడట.

"నువ్వు టెస్టులు సేస్తావు కదా నాయినా, ఏటయ్యుంటాది?" అని అడిగారావిడ.

దాచలేకపోయాను. దశమినాడు నేనన్న మాట చెప్పేసి, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆవిడ నా చేతిలోంచి అట్ట తీసుకున్నారు. "నలబై ఏళ్ళు నా మాటే ఇన్లేదు. నీ మాట ఇన్నారంతావా?" అన్నారు.

అది ఓదార్పో నిష్ఠూరమో నాకు అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ లేకపోయింది.

ఇలాంటి గురువు మళ్ళీ దొరకరని రాయడం ఆనవాయితీ. నాకైతే అది మర్యాదకు రాసే మాట కాదు. మనిషి ఒంటి గురించి ఏ సందేహం వచ్చినా ఆ మహనీయుడి పాదాల దగ్గరికే పరిగెత్తేవాణ్ణి. నా మాటకు నొచ్చుకుని ఆ మాత్ర వేసుకున్నారా మేష్టారూ? దీన్ని నేను ఎవర్ని అడగను?