గెడ్డ అవతల పుట్టిన పాప

నవంబరు 8, శనివారం. వాకిలి, గిన్నెలు, ఇద్దరికి వంట, పెరుగు తోడు: తెల్లారేలోగా నాలుగు పనులూ అయ్యాయి. ఆరున్నరకు విజయనగరంలో పాలకొండ బస్సెక్కాను.

సీతంపేట దాటాక ఉన్న ఒక కొండ ఊళ్లో మా నాన్న ఒకప్పుడు బడి పంతులు. పోలీసులకూ తిరగబడినవాళ్లకూ మధ్య కాల్పులు జరుగుతున్న రోజులు; దారులన్నీ మూసేశారు. అప్పుడు మా అమ్మకు ఒక మంత్రసాని పురుడు పోస్తే నేను పుట్టాను. ఆ మంత్రసాని పోయిందనీ, ఆమె కోడలు నీలమ్మ ఇంకా పురుళ్లు పోస్తోందనీ విని, చూసి రావాలని బయలుదేరాను.

పాలకొండకు రెండున్నర గంటలు, సీతంపేటకు మరో ముప్పావు గంట. అక్కడినుంచి ఆటోకు రెండు వందలు. కొండవాగు దగ్గర ఆటో ఆగిపోయింది. దాన్ని అక్కడ గెడ్డ అంటారు. నీళ్లలో రెండు స్తంభాలున్నాయి, వంతెన లేదు.

"ఎన్నాళ్లయింది ఇవి వేసి?" అని ఆటో అతన్ని అడిగాను.

"మా పాప పుట్టినప్పుడు ఏసారమ్మ. ఇప్పుడది ఐదో తరగతి."

మోకాలి లోతు నీళ్లు దాటి, అరగంట కొండెక్కి ఊరు చేరేసరికి పన్నెండు. నీలమ్మకు నన్ను పలకరించే తీరిక లేదు. గౌరి అనే అమ్మాయి తొలి కాన్పు నొప్పులు పడుతోంది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే, గెడ్డ అవతల ఉంటాం, మోసుకురమ్మన్నారట.

"డోలీలో తీసుకెళ్లలేరా?" అన్నాను.

"తల కనిపిస్తన్నాది. పిల్లని ఆగమని నువ్వు సెప్తావేటి? రా, పొయ్యి సూడు," అంది నీలమ్మ.

ఆమె దగ్గరున్నవి సబ్బు, కొత్త బ్లేడు, మరిగించిన నూలు దారం, ఉతికిన చీర ముక్కలు. ప్రభుత్వ ఆసుపత్రిలో గ్లవ్స్ అడిగితే ఇవ్వరట. ఇంట్లో పురుళ్లు పోయకూడదని నియమం కదా! నాకు ఒళ్లు మండింది. వంతెన వేయలేనివాళ్లు నియమం మాత్రం వేశారు.

ఒంటిగంటకు ఆడపిల్ల పుట్టింది. మాయ రాలేదు, రక్తం పోతూనే ఉంది. నీలమ్మ బిడ్డను గౌరి రొమ్ముకు పట్టించి, "కళ్లు మూయకే, నాకేసి సూడు," అంటూ పొత్తికడుపు నిమురుతూ కూర్చుంది. అరగంటకు మాయ పడింది, రక్తం తగ్గింది. అప్పుడు తల్లీబిడ్డల్ని డోలీలో గెడ్డ దాటించాం.

అంబులెన్సు ఉద్యోగి కాగితం తీసి, 'ప్రసవం వాహనంలో' అని రాసి, సాక్షి సంతకం నన్ను పెట్టమన్నాడు.

"అబద్ధం కదండీ?"

"ఇంటికాడ అని రాస్తే ఆ పిల్లకి కాన్పుకి సర్కారిచ్చే డబ్బులు రావు, ఈ మామ్మకి నోటీసు వస్తాది. మీ ఇష్టం."

నీలమ్మ నవ్వింది. "పెట్టీ తల్లీ. నా సేతిలో పుట్టినోళ్లంతా బండిలో పుట్టినోళ్లే. ఆ బండిని నానే."

సంతకం పెట్టాను.

సీతంపేటలో ఐదింటి బస్సు కోసం కూర్చున్నంతసేపూ కోపం తగ్గలేదు. ఇలాంటి కాగితాలన్నీ కలిపి, ఆ కొండల్లో ఇంటి కాన్పులే లేవని ఎవరో పైవాళ్లకు చెబుతారు. అందరూ బండిలోనే కంటుంటే వంతెన ఎందుకని పైవాళ్లు అడుగుతారు. ఆ అడిగేవాళ్లకు నేను కూడా ఒక సంతకం ఇచ్చి వచ్చాను.

అటు వెళ్లేవాళ్లకు ఒక్క మాట: సీతంపేట మందుల షాపులో గ్లవ్స్ డబ్బా ఒకటి కొనండి. ఊళ్లో పురుళ్లు పోసే మనిషి చేతికే ఇవ్వండి. ఎవరికి ఇచ్చారో ఎక్కడా రాయకండి.