గుమ్మం బయట పెట్టిన సంపెంగ అంటు

నేను దయ్యాలను ఏనాడూ నమ్మలేదు. లూథరన్ కుటుంబంలో పుట్టాను, బడిలో లెక్కలు చెప్పాను. చనిపోయినవాళ్లు ప్రభువు దగ్గరికి పోతారు తప్ప మన వీధుల్లో తిరగరని సండే స్కూల్లో పిల్లలకు నేనే చెప్పేదాన్ని. అయినా రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, సామర్లకోటలో జరిగిన ఈ సంగతి మాత్రం నాకు అంతుపట్టలేదు.

నా తమ్ముడు దానియేలు కడియంలో ఒక నర్సరీలో మొక్కలకు అంట్లు కట్టేవాడు. పనిలో మంచి నేర్పరి. చర్చిలో పాట ఎత్తుకుంటే అందరూ తల తిప్పి చూసేవారు. తాగుడు రెండింటినీ మింగేసింది. చివరికి టీ గ్లాసు పట్టుకున్నా చెయ్యి వణికేది. మానేస్తానని మోకాళ్ల మీద ఎన్నిసార్లు ఏడ్చాడో! ఒక ఆదివారం తాగొచ్చి మా పిల్లల ముందే పడిపోయాడు. "మళ్లీ ఇలా వస్తే నా గుమ్మం తొక్కకురా" అన్నాను. వాడు మళ్లీ రాలేదు.

ఏడాది తిరిగాక, కాకినాడలో ఆసుపత్రిలో ఉన్నాడని కబురొచ్చింది. లివర్ పాడైపోయింది. నేను వెళ్లేసరికే స్పృహ లేదు. చెవి దగ్గర ప్రార్థన చేశాను. "క్షమించానురా" అన్నాను. విన్నాడో లేదో. గురువారం పోయాడు. శుక్రవారం సమాధి చేశాం.

శనివారం ఉదయం పది గంటలకు మొక్కల వ్యాను ఒకటి మా ఇంటి ముందు ఆగింది. ఆ అద్దె ఇంట్లోకి మేము మారి నాలుగు రోజులే అయింది. మేము మారేనాటికే తమ్ముడు స్పృహలో లేడు, ఆ ఇల్లు వాడికి తెలియదు. డ్రైవరు ఒక సంపెంగ అంటు దించి గుమ్మం బయట పెట్టాడు. లోపల పెట్టమన్నాను.

"వద్దండి. అక్క గుమ్మం తొక్కొద్దు, బయటే పెట్టమని మరీ మరీ చెప్పారండి మీ తమ్ముడు గారు. పొద్దున్నే నర్సరీ గేటు దగ్గర ఇది ఇచ్చి, ఈ ఇంటి గుర్తులు చెప్పారండి."

లోపలికెళ్లి తమ్ముడి ఫొటో తెచ్చి చూపించాను. "ఈయనేనండి" అన్నాడు. ఎడమ చూపుడువేలు కొస లేదని కూడా అతనే చెప్పాడు. అంటుకత్తికి తెగిన వేలు అది. ఫొటోలో కనపడదు.

నిన్ననే సమాధి చేశామంటే అతను నమ్మలేదు. "అదేంటండీ? నాతోపాటు టీ తాగారండి!"

సోమవారం అతన్ని వెంటబెట్టుకుని కడియం వెళ్లాను. దుఃఖం కంటే తెలుసుకోవాలన్న ఆరాటమే ఎక్కువగా ఉంది. నర్సరీ యజమాని పనివాళ్లందరినీ పిలిచి నిలబెట్టారు. డ్రైవరు ఒక్కొక్కరినీ చూసి, తనకు అంటు ఇచ్చింది వీళ్లలో ఎవరూ కాదన్నాడు. మా కొత్త ఇల్లు వాళ్లలో ఎవరికీ తెలియదు. పైగా ఆ ఏడు తమ దగ్గర సంపెంగ అంట్లే లేవన్నారు యజమాని.

మా పాస్టరు గారిని అడిగాను. "దేవదూత అనడానికి ధైర్యం చాలట్లేదమ్మా. మోసం అనడానికి మనసు రావట్లేదు" అన్నారు.

ఆయనకు చెప్పని మాట ఒకటుంది. కడియంలో విడిపోయే ముందు డ్రైవరును పక్కకు పిలిచి, ఆ పొద్దున మా తమ్ముడు తాగి ఉన్నాడా అని అడిగాను.

"లేదండి. తెల్లచొక్కా వేసుకుని శుభ్రంగా ఉన్నారండి. టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి కూడా వణకలేదండి."

ఆ గేటు దగ్గర నిలబడింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. వణకని ఆ చేతి కోసం మాత్రం రోజూ దేవుణ్ణి స్తుతిస్తాను.