కలకత్తా మ్యాచ్‌కి అయ్యగారిని పిలిచిన సంగతి

పాస్టరు అయ్యగారిని పిలుద్దామన్నది నేను కాదు. మా చర్చిలో ఇప్పుడు ఎవరిని అడిగినా కలకత్తా ప్రయాణం చెడగొట్టింది నేనేనని చెబుతారు కాబట్టి ఈ మాట మొదటే రాసిపెడుతున్నాను. పిలుద్దామన్నది మా అక్క మొగుడు. మాతో రావాల్సిన మిగతా ఇద్దరూ తలలూపారు. నేను హోటల్లో టీ తాగుతున్నాను.

ప్రయాణం ఆలోచన మాత్రం నాదే. కలకత్తాలో నాలుగు దేశాల జట్లు ఆడే ఫుట్‌బాల్ టోర్నమెంటు ఉందని పేపర్లో చదివిన పూటే వెళ్లాలని నిశ్చయించుకున్నాను. నాంపల్లిలో మా ఇంటి టీవీ ముందు కూర్చుని దేశదేశాల స్టేడియాలన్నీ చూశాను. నిండిన గ్యాలరీలో కూర్చుని ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. నా మోకాళ్లు స్టేడియం మెట్లు ఎక్కనిచ్చేది ఇంకెన్నాళ్లో డాక్టరు చెప్పలేదు, నేనూ అడగలేదు.

నలుగురం అనుకున్నాం. నేను, బావ, అబిడ్స్ మిషన్ స్కూల్లో మాతో పాటు ఆడిన ఇద్దరు. ఒకాయన అప్పటి గోల్‌కీపరు, రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. ఇంకొకాయనకి అబిడ్స్‌లో స్టేషనరీ దుకాణం ఉంది. అందరిదీ ఒకే చర్చి. ఆదివారం ఆరాధన అయ్యాక ఇరానీ హోటల్లో కూర్చుని ప్లాన్ వేసేవాళ్లం. వేసేవాళ్లం అని మర్యాదకి రాశాను. వేసింది నేను. వాళ్లు బిస్కెట్లు ముంచుకుని తిన్నారు.

అబిడ్స్‌లో ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతారు కదా, అక్కడ కలకత్తా మ్యాపు ఒకటి దొరికింది. హోటల్లో బల్ల మీద పరిచాను. బావ కళ్లద్దాలు పైకి నెట్టుకుని చూశాడు.

"ఏంది బామ్మర్దీ, ఇంగ్లీషోళ్లు పోంగ ఇడిచిపెట్టిన మ్యాపా? గిందుల మెట్రోనే లేదు."

మిగతా ఇద్దరూ నవ్వారు. ఇంటికెళ్లి ఫోన్లో చూసి, మెట్రో దారులు ఆ మ్యాపు మీద ఎర్ర పెన్నుతో నేనే గీశాను. స్టేడియానికి దగ్గరి స్టేషను చుట్టూ సున్నా చుట్టాను. రెండు వారాల తర్వాత హౌరా నుంచి లాడ్జికి ఎట్లా పోవాలన్న మాట వచ్చినప్పుడు, అదే బావ అదే మ్యాపు కోసం చెయ్యి చాపాడు. నవ్విన సంగతి ఎవరికీ గుర్తులేదు. నాకుంది.

మ్యాచ్ టిక్కెట్లు అమ్మకానికి పెట్టిన రోజు పొద్దుట్నుంచీ ఫోను పట్టుకుని కూర్చున్నది కూడా నేనే. ఒక్కో నంబరుకి నాలుగే ఇస్తారు. పక్కపక్కనే నాలుగు సీట్లు దొరికాయి. మధ్యాహ్నానికల్లా మొత్తం అయిపోయాయి.

ఇక మా అలవాటు సంగతి చెప్పాలి. మా చర్చివాళ్లు దూర ప్రయాణం పెట్టుకుంటే ముందు అయ్యగారింటికి వెళ్లి ప్రార్థన చేయించుకుంటారు. లేచేటప్పుడు, మీరు కూడా రండి అయ్యగారూ అంటారు. ఆయన, లేదు, మీరు క్షేమంగా వెళ్లిరండి అంటారు. అమ్మగారు, అంటే ఆయన భార్య, టీ ఇస్తారు. తాగి వచ్చేస్తాం. మా తాతల కాలం నుంచి ఇదే వరస. ఏ అయ్యగారూ దాటలేదు.

ఈయన వచ్చి ఆరు నెలలే అయింది. కోస్తా వైపు మనిషి. నలుగురం వెళ్లాం. ప్రార్థన అయింది. బావ లేచి చేతులు కట్టుకుని, మీరు కూడా రావాలె అయ్యగారూ, మీరొస్తే మాకు ధైర్యం అన్నాడు. ధైర్యం అన్న మాట అలవాటులో లేదు, సొంతంగా కలిపాడు.

"తప్పకుండా వస్తానండీ," అన్నారాయన. "కలకత్తా నేనెప్పుడూ చూడలేదు. ఏ రోజండీ ప్రయాణం?"

టీ వచ్చింది. గోల్‌కీపరు కప్పులోకే చూస్తూ కూర్చున్నాడు. గేటు దాటి రోడ్డు మీదికొచ్చాక దుకాణమాయన, టిక్కెట్లు నాలుగే కదా అన్నాడు. బావ నా వైపు చూశాడు. ఆ చూపు నాకు కొత్త కాదు.

బుధవారం బావ ఇంటికొచ్చాడు. చేతిలో అక్క వండిన ఖీమా డబ్బా. ఈ ఇంటికి ఇన్నేళ్లలో వట్టి చేతుల్తో తప్ప రాని మనిషి. డబ్బా చూడగానే నాకు అర్థమైంది. కాసేపు ఎండల గురించి, నాంపల్లి ట్రాఫిక్ గురించి మాట్లాడి, తర్వాత నా మోకాళ్ల మీదికి వచ్చాడు.

"జర ఆలోచించు. గన్ని మెట్లు ఎక్కగల్గుతవా? గీసారి నువ్వు ఆగు. మల్లొక్కసారి మనిద్దరం పోదాం."

"మిగిలినోళ్లు ఏమన్నరు?"

"అందరం అనుకున్నం."

"అందరంటే?"

"నువ్వు గాక మిగిలినోళ్లు."

స్కూల్లో పదో తరగతిలో ఉండగా కాజీపేటలో మ్యాచ్ పడింది. నేను లెఫ్ట్ బ్యాక్, ఎడమ పక్క కాపలా. గన్‌ఫౌండ్రీ దగ్గర వ్యాను ఎక్కబోతుంటే, డ్రిల్లు మాస్టరు మేనల్లుడు ముందే ఎక్కి కూర్చున్నాడు. ఒక సీటు తక్కువైంది. కెప్టెన్ కిటికీలోంచి తల బయటపెట్టి, నువ్వు ఆగు, మల్లసారి పోదువు అన్నాడు. ఆ కెప్టెనే తర్వాత మా అక్కని చేసుకున్నాడు. బూట్ల సంచి మోసుకుని నాంపల్లి దాకా నడిచి వచ్చాను. మల్లసారి రాలేదు. పెళ్లిలో ఆయన పక్కన నిలబడి ఫోటో దిగాను కానీ ఆ కిటికీని మరిచిపోలేదు. ఇదంతా బావకి గుర్తు చేశాను. గిప్పుడు గదెందుకు తీస్తవ్ అని లేచిపోయాడు. డబ్బా మాత్రం తిరిగి తీసుకెళ్లాడు.

మర్నాడు పొద్దున అయ్యగారింటికి ఒక్కణ్నే వెళ్లాను. ఆయన ముందు గదిలో ఉన్నారు. బల్ల మీద ఎండకి పెట్టుకునే కొత్త టోపీ ఉంది, దానికి అంటించిన చీటీ ఇంకా తీయలేదు. వందనాలు చెప్పి, కూర్చోకుండానే చెప్పాను. టిక్కెట్లు నాలుగే ఉన్నాయి, మేము నలుగురం ఉన్నాం, మిమ్మల్ని పిలిచింది మర్యాదకి, మీరు రానని అనాలి.

ఆయన టోపీని బల్ల మీద పక్కకి జరిపారు.

"మరి రానక్కర్లేకపోతే రమ్మని ఎందుకు పిలిచారండీ?"

"మా దగ్గర అట్లనే పిలుస్తరు అయ్యగారూ."

"అలాగా. నాకు తెలియలేదండీ."

తర్వాత లేచి నిలబడి నా ప్రయాణం కోసం మళ్లీ ప్రార్థన చేశారు. అందులో నా మోకాళ్లు కూడా వచ్చాయి. అమ్మగారు లోపల్నుంచి రాలేదు, టీ ఇవ్వలేదు. ఆ సంగతి కూడా నాకు గుర్తుంది. టోపీ సంగతీ గుర్తుంది, కానీ దానికి నేనేం చేయను. పిలిచినవాళ్లని అడగాలి.

ఆయన ఎవరికీ ఏం చెప్పలేదట. పని పడింది, రాలేనని మాత్రం కబురంపారు. కానీ నేను దాచే మనిషిని కాను. మీకు చేతకానిది నేను చేసొచ్చానని బావకి ఫోన్లో చెప్పాను. నలుగురం పోవచ్చు, సీట్లు సరిపోయాయి అన్నాను.

"అయ్యగారి ముంగట మా అందరి ఇజ్జత్ తీసినవ్," అన్నాడు బావ. "ఇగ ఏ మొఖం పెట్టుకొని పోవాలె మేము? నువ్వొక్కనివే పో. నాలుగు సీట్ల మీద పండుకొని చూడు."

మిగతా ఇద్దరూ ఆయన మాటే అన్నారు. ఆదివారం చర్చిలో నా బెంచీలో ఎవరూ కూర్చోలేదు. అక్క ఎదురుపడి, ఒక్క మాట ఓర్సుకుంటే ఏం పోతుండె రా అంది. నా సీటు పోతుండె అన్నాను.

ఒక్కణ్నే వెళ్లాను. ఎర్ర పెన్ను గీతలు పట్టుకుని మెట్రో దిగాను. ఎక్కడా దారి తప్పలేదు. స్టేడియం మెట్లు మధ్యలో రెండుసార్లు ఆగి ఎక్కాను. పైకెళ్లి చూస్తే కింద గ్రవుండు టీవీలో కన్నా పచ్చగా, చాలా చిన్నగా ఉంది. లెఫ్ట్ బ్యాక్ నా వైపు గీత వెంటే పరిగెత్తుతున్నాడు. కుర్రాడు తప్పులు చేస్తున్నాడు. ఇది చెప్పడానికి పక్కకి తిరిగితే ఎవరూ లేరు.

ఆట మొదలైన కాసేపటికి ఒకాయన భార్యనీ కూతుర్నీ వెంటబెట్టుకుని వచ్చి ఈ మూడూ ఖాళీయేనా అని హిందీలో అడిగాడు. వాళ్ల సీట్లు ఎక్కడో వెనక స్తంభం చాటున పడ్డాయట. మావాళ్లు వస్తున్నారు అన్నాను. ఇంటర్వెల్లో మళ్లీ అడిగితే చాయ్‌కి పోయారన్నాను. పక్క సీటులో మ్యాపు పెట్టాను. ఆ తర్వాతి దాంట్లో సంచి. మూడోదాని దాకా చెయ్యి అందలేదు, దాన్ని కళ్లతోనే కాపలా కాశాను.

చివరి విజిల్ అయ్యాక జనం లేచి దిగుతుంటే ఆయన మళ్లీ కనపడి, నవ్వుతూ, మీవాళ్లు రానేలేదే అన్నాడు. మ్యాపు మడిచి జేబులో పెట్టుకుని, రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగాను.